బొమ్మ కంటే ముందు గోడను చూడండి

సంపాదకులకు నమస్కారం.

స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల కోసం మన పురపాలక సంఘాలు ప్రహరీలకు, ఫ్లైఓవర్ స్తంభాలకు, రిటైనింగ్ గోడలకు బొమ్మలు వేయిస్తున్నాయి. మంచి పనే. కానీ రెండు వానాకాలాలు దాటేసరికి చాలాచోట్ల రంగు పెచ్చులుగా రాలిపోతోంది. తప్పు వానది కాదు, చాలావరకు చిత్రకారులదీ కాదు. గోడను సిద్ధం చేయకుండానే రంగు ఎక్కించడం వల్ల జరుగుతున్న నష్టమిది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు చెమ్మ. రిటైనింగ్ గోడ వెనకంతా మట్టి. ఆ మట్టిలోని నీరు గోడ గుండా బయటికి ఊరుతూ లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆవిరైపోతే లవణం రంగు పొర కింద గడ్డకట్టి పొరను పైకి లేపుతుంది. గోడకు చౌడు పట్టిందని మనం అనేది దీన్నే. ఆ నీరు పోవడానికే గోడలో అక్కడక్కడా గొట్టాలు పెడతారు. నున్నగా కనిపించాలని వాటిని పుట్టీతో పూడ్చేస్తే నీటికి బొమ్మ తప్ప వేరే దారి ఉండదు. గొట్టాలను దయచేసి మూయకండి.

చెమ్మ ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథిన్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒక రాత్రంతా, కనీసం 16 గంటలు ఉంచాలి. తీసినప్పుడు లోపల నీటిబొట్లు కనిపించినా, ఆ మేర గోడ నల్లబడినా అక్కడ రంగు వేయకూడదు. కొత్త సిమెంటు ప్లాస్టరైతే 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది.

పాత గోడను అరచేత్తో రుద్ది చూడండి. సున్నమో డిస్టెంపరో పొడిగా అంటుకుంటే తీగ బ్రష్షుతో గీకి, నీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. నాచు పట్టిన చోట ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి మూడు వంతుల నీళ్లు కలిపి పూసి, పావుగంట ఆగి కడగాలి. ఫ్లైఓవర్ స్తంభాలకు ఇంకో చిక్కు: కాంక్రీటు పోసేటప్పుడు అచ్చుగా పెట్టే సెంట్రింగ్ రేకులకు రాసిన నూనె కాంక్రీటుకు అంటుకుని ఉంటుంది. సబ్బునీళ్లతో తోమకపోతే రంగుకు ముందు పూసే ప్రైమర్ కూడా పట్టదు. పగుళ్లకు బయటి గోడల పుట్టీయే వాడాలి. ఇంటి లోపలి పుట్టీ తొలి వానకే ఉబ్బుతుంది.

ప్రైమర్ మీద బయటి గోడల అక్రిలిక్ ఎమల్షన్ రెండు కోట్లు వేస్తే లీటరుకు సుమారు 50-60 చదరపు అడుగులు వస్తుంది. అంటే వెయ్యి చదరపు అడుగుల నేపథ్యానికే 17 నుంచి 20 లీటర్లు కావాలి. ధర తగ్గించి టెండరు గెలిచినచోట ఈ లెక్క కుదరక రంగులో నీళ్లు విపరీతంగా కలుపుతారు. జిగురు పలచబడి, ఏడాది తిరిగేసరికి రంగు పొడిపొడిగా చేతికంటుతుంది. ఎండలో కాలుతున్న పడమటి గోడకు మధ్యాహ్నం పూట రంగు వేసినా ఇదే గతి. పొర కుదురుకోకముందే ఆరిపోతుంది.

జేగురు, పసుపు మట్టి వంటి ఇనుప ఆక్సైడు రంగులు, థాలో అనే రకం నీలం, ఆకుపచ్చ రంగులు ఎండకు బాగా నిలుస్తాయి. మెరిసే ఫ్లోరసెంట్ రంగులు త్వరగా వెలిసిపోతాయి. ముఖాలు, అక్షరాల వంటి ముఖ్యమైన భాగాలను నిలిచే రంగులతోనే గీయించాలి. నేల నుంచి అడుగున్నర ఎత్తు వరకు ముదురు పట్టీ ఒక్కటే వేస్తే బురద చిమ్మినా బొమ్మ చెడదు.

గోడ సంగతి పట్టించుకోకపోతే ఎంత పేరున్న బొమ్మకైనా తిప్పలే. బెర్లిన్ గోడలో మిగిలిన 1.3 కిలోమీటర్ల భాగం మీద 1990లో 21 దేశాలకు చెందిన 118 మంది చిత్రకారులు బొమ్మలు వేశారు. లోపలి ఊచలు తుప్పుపట్టి కాంక్రీటు పెచ్చులూడింది. 2009లో పాత రంగు తీసేసి, కాంక్రీటు బాగుచేసి, బొమ్మలను మళ్లీ వేయించాల్సి వచ్చింది. కొందరు చిత్రకారులు అందుకు ఒప్పుకోలేదు కూడా. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 1984 నుంచి గోడచిత్రాల పనిని నిరంతరంగా నడుపుతోంది. అక్కడ నేతలేని పల్చటి పాలియెస్టర్ గుడ్డ ముక్కల మీద గదిలోనే బొమ్మ వేసి, తర్వాత అక్రిలిక్ జెల్‌తో గోడకు అతికించే పద్ధతి బాగా వాడుకలో ఉంది. పరంజా ఎక్కలేని పిల్లలు, పెద్దవాళ్లు కూడా ఇలా బొమ్మలో చేయి వేయగలుగుతారు. మన బడుల దగ్గర ఇది తప్పక ప్రయత్నించాలి. అయితే చెమ్మ గోడ మీద గుడ్డ కూడా ఊడిపోతుంది.

పైన పారదర్శక వార్నిష్ కొడితే బొమ్మకు రక్ష అనుకుంటారు. చెమ్మ ఉన్న గోడకు అది ఊపిరాడనివ్వదు, లోపల నీరు చిక్కి తెల్లగా బొబ్బలెక్కుతుంది. బొమ్మ మీద ఎవరైనా మైదా జిగురుతో అంటించిన పోస్టర్లను ఇనుప రేకుతో గీకకుండా, గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి ప్లాస్టిక్ గీకుడుతో తీయాలి.

పురపాలక అధికారులకు మా విన్నపం: టెండరులో చదరపు అడుగుకు ఒకే ధర అడగకండి. గోడ తయారీకి, బొమ్మకు, మూడేళ్ల నిర్వహణకు విడివిడిగా ధరలు అడగండి. చెమ్మ పరీక్ష ఫొటో లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి. వాడిన రంగుల కంపెనీ పేరు, షేడ్ నంబర్లు మీ కార్యాలయంలో రాసి ఉంచండి. రేపు చిన్న పెచ్చు ఊడితే అదే రంగు తెచ్చి అతుకు కనిపించకుండా సరిచేయడానికి అవి కావాలి.

— కొందరు గోడచిత్రాల పనివారు, హైదరాబాద్