అర్థం తెలియదని రాసిన నిఘంటువు

ఒరేయ్,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పోయినసారి ఫోన్లో "ఈమధ్య ఏం చదువుతున్నావురా" అని అడిగావు. ఆఫీసులో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. రాత్రి అన్నాలయ్యాక శామ్యూల్ జాన్సన్ ఇంగ్లీషు నిఘంటువు చదువుతున్నానురా. 1755 ఏప్రిల్లో లండన్లో వచ్చిన పుస్తకం. పాత పేజీలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్లో దొరుకుతున్నాయి. ఒక మాట కోసం తెరుస్తాను, గంట గడిచాక చూస్తే ఇంకెక్కడో ఉంటాను.

ఇందులో మాటలకన్నా వాటికి రాసిన అర్థాలు బాగుంటాయి. 'బ్యాక్‌ఫ్రెండ్' అని ఒక మాట ఉంది. వెనకవైపు స్నేహితుడు, అంటే లోలోపల శత్రువు అని రాశాడు. 'బెల్లీగాడ్' అంటే తన పొట్టనే దేవుణ్ణి చేసుకున్న తిండిపోతు. 'బెడ్‌ప్రెసర్' అంటే ఒళ్లు బరువైన సోమరి. 'ఫాప్‌డూడుల్' అంటే తెలివితక్కువవాడు, ఎవరూ లెక్కచేయనివాడు. పైకి చదివి చూడు, అర్థం తెలియకపోయినా తిట్టే అని తెలిసిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 'కిస్సింగ్‌క్రస్ట్'. పొయ్యిలో పక్కపక్కనే పెట్టిన రెండు రొట్టెలు ఉబ్బి ఒకదానికొకటి తగిలినచోట ఏర్పడే అంచు. బేకరీలో అతుక్కున్న బన్నుల్ని విడదీస్తే పక్కన మెత్తగా ఉంటుందే, అదే. ఇంత చిన్న దానికి కూడా ఎవరో పేరు పెట్టారు, జాన్సన్ దాన్ని జాగ్రత్తగా దాచాడు. నేను మాత్రం ఈ వయసులో మొదటిసారి చూస్తున్నాను!

అసలు ఆయన ఎంత కష్టపడ్డాడో తెలుసా? 1746లో పుస్తకాల వ్యాపారులతో ఒప్పందం రాసుకున్నాడు. మూడేళ్లలో ముగిస్తానన్నాడు, తొమ్మిదేళ్ల దాకా పట్టింది. లండన్లో గాఫ్ స్క్వేర్ అనే చోట అద్దె ఇంట్లో, పైన అటక గదిలో పని. ఆయన పుస్తకాలు చదువుతూ పనికొచ్చే వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టేవాడు. ఆరుగురు రాతగాళ్లు వాటిని కాగితం ముక్కల మీదకి ఎక్కించేవాళ్లు. అలా నలభై రెండు వేలకు పైగా మాటలు, లక్షకు పైగా ఉదాహరణలు పోగయ్యాయి. మధ్యలో 1752లో భార్య చనిపోయింది. అయినా పని ఆపలేదు. 'డల్' అనే మాట దగ్గర ఉల్లాసం ఇవ్వనిది అని ఒక అర్థం రాసి, దానికి ఉదాహరణగా "నిఘంటువులు తయారుచేయడం డల్ పని" అని పెట్టాడు. ఆ వాక్యం చదివి నవ్వాను. కానీ ఆ తొమ్మిదేళ్లూ తలుచుకుంటే మనసు బరువెక్కింది.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. 'ట్రోల్‌మైడేమ్స్' అనే మాట షేక్స్‌పియర్ నాటకంలో వస్తుంది. అది అప్పటి ఒక ఆట పేరు. జాన్సన్ దాన్ని నిఘంటువులో చేర్చి, ఈ మాటకి అర్థం నాకు తెలియదు అని అచ్చులో రాసేశాడు. వదిలేసి ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఏదో ఒకటి రాసినా నమ్మేవాళ్లు. 'పాస్టర్న్' అంటే గుర్రం మోకాలు అని తప్పు రాశాడు. నిజానికి అది గిట్టకి పైన ఉండే భాగం. ఇలా ఎందుకు రాశారండీ అని ఒకావిడ అడిగితే, "అజ్ఞానం తల్లీ, శుద్ధ అజ్ఞానం" అన్నాడట. అంత పేరున్న మనిషి అలా అనగలిగాడు చూడు, అందుకే ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే హెన్రీ కాకరం అని ఒకాయన 1623లో నిఘంటువు వేశాడు. అందులో 'ఏప్రిసిటీ' అనే మాట ఉంది. చలికాలపు ఎండలోని వెచ్చదనం అని అర్థం. ఇంత మంచి మాటని జనం పెద్దగా వాడుకోలేదు. 'ఓవర్‌మారో' కూడా అంతే, మన ఎల్లుండి. 1535 నాటి కవర్‌డేల్ బైబిల్లో ఉంది. తర్వాత వాడుకలోంచి పోయింది. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు ఆ ఒక్క రోజు చెప్పడానికి నాలుగు మాటలు కలుపుకోవాలి. మనకి ఎల్లుండి, ఆవలెల్లుండి, మొన్న, అటుమొన్న అన్నీ ఉన్నాయి. కానీ మా పిల్లలు 'డే ఆఫ్టర్ టుమారో' అంటున్నారురా. విన్నప్పుడల్లా ఎల్లుండి అనమని చెబుతున్నాను, మానను.

ఫ్రాన్సిస్ గ్రోస్ అని మరొకాయన ఉన్నాడు. 1785లో లండన్ వీధి మాటలకే ఒక నిఘంటువు తెచ్చాడు. రాత్రిళ్లు బీదపేటల్లో, తాగుడు అంగళ్లలో తిరిగి విన్న మాటలు అందులో చేర్చాడు. టీకి అక్కడ ఉన్న పేరు 'స్కాండల్ బ్రాత్', అంటే చాడీల చారు! ఆ పుస్తకంలో ఇంకా ఘాటైనవి చాలా ఉన్నాయి, ఉత్తరంలో రాయలేను. నువ్వొచ్చాక చదివి వినిపిస్తాను.

దసరాకి టికెట్ దొరికిందా? లేకపోతే బస్సుకైనా బయల్దేరు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. వెంటనే జవాబు రాయి, ఫోన్ చేసి సరిపెట్టకు.

ఉంటాను,
నీ నేస్తం