తోడు వెళ్లిన ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

పాతబస్తీ, కర్నూలు

సభ్యులందరికీ సలాం, నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. కుట్టు శిక్షణ, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఖబరస్తాన్ ప్రహరీ మరమ్మతు ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాల కాగితం ఆఫీసు గోడకు అంటించాం, చూసుకోగలరు. ఈ నివేదికలో నేను చెప్పేదంతా ఆరోగ్యం గురించే. ఈ ఏడాది మన పొద్దు ఎక్కువగా గడిచింది దానితోనే.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అంతకుముందు ఏడాది ఫంక్షన్ హాల్లో పెద్ద క్యాంపు పెట్టాం. షామియానా, మైకు, వచ్చినవాళ్లందరికీ భోజనం. బీపీ చూశారు, షుగర్ చూశారు, పెద్దాసుపత్రిలో చూపించుకోమని చీటీలు రాసిచ్చారు. ఆ చీటీలు ఏమయ్యాయో ఈ ఏడాది ఇంటింటికీ తిరిగితే తెలిసింది. కొన్ని బియ్యం డబ్బా కింద ఉన్నాయి, కొన్ని పిల్లల స్కూలు సంచుల్లో ఉన్నాయి. పట్టుకుని ఆసుపత్రికి పోయినవాళ్లు కొద్దిమందే.

ఎందుకు పోలేదని అడిగితే, జబ్బంటే లెక్కలేదని ఒక్కరూ అనలేదు. ఓపీ పొద్దున పూటే, ఆ పూట పోతే కూలి పోతుందని ఒకామె అంది. ఇంట్లో ఉర్దూనే మాట్లాడతాం, డాక్టరు తెలుగులో గబగబా అడిగితే నొప్పి ఎట్లుందో చెప్పలేనని ఇంకొకామె. ఓపీ చీటీ ఒక చోట, రక్తపరీక్ష ఇంకో చోట, మందులు మరో చోట, చదువు రాని మనిషి ఎన్ని వరసల్లో నిలబడుతుంది? "ఒక్కదాన్నే ఎట్ల పోయేది బాజీ (అక్కా)?" ఎవరి మాట విన్నా చివరికి అక్కడికే వచ్చి ఆగింది. మనవాళ్లకు అవగాహన లేదని బయటివాళ్లు అనడం వింటూనే ఉన్నాం. మేం చూసినంతలో లేనిది తోడు.

అందుకే ఈ ఏడాది క్యాంపు పెట్టలేదు. ఆ డబ్బును ఆటో ఖర్చులకు మళ్లించాం. వీధికి ఇద్దరు చొప్పున ఆడవాళ్లం, రోగి వెంట ఇంటి గడప నుంచి మందుల కౌంటరు దాకా పోయి, మళ్లీ గడప దాకా తీసుకొచ్చే పని ఎత్తుకున్నాం.

క్షయ

ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. మన కుర్రాళ్లు చాలామంది నాపరాయి కోతకు, పాలిష్ పనికి బేతంచెర్ల వైపు పోతారు. రాయి కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది, అలాంటి ఊపిరితిత్తుల్ని క్షయ తొందరగా పట్టుకుంటుంది. రెండు వారాలు దాటిన దగ్గును దుమ్ము దగ్గు అని వదిలేయకూడదని ఈ ఏడాది ప్రతి గడపలోనూ చెప్పాం.

మా వీధిలో ఒక కుర్రాడు మూడు నెలలు మెడికల్ షాపు సిరప్ తాగాడు. కళ్లె పరీక్షకు నేనే వెంట పోయాను. క్షయ అని తేలింది. మందులు ఉచితం. మామూలు క్షయకైతే ఆరు నెలల కోర్సు, మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. వాళ్లమ్మ ఆ మందుల అట్టల్ని కొంగులో చుట్టి మా ఇంటికి తెచ్చింది. "కూతురికి సంబంధం చూస్తున్నాం, ఇంట్లో ఎవరి కంటనన్నా పడితే ఎట్ల? మీ దగ్గరే పెట్టుకో బాజీ" అంది. అప్పట్నుంచి ఆ అబ్బాయి రోజూ పొద్దున పనికి పోతూ మా గుమ్మంలో ఆగి, చెంబెడు నీళ్లతో మాత్రలు మింగి పోయేవాడు.

మొదలుపెట్టిన మర్నాడే తెల్లారకముందు తలుపు కొట్టాడు. మొహం పాలిపోయి ఉంది. మూత్రంలో రక్తం పోతోందని, ఇంక మందు వేసుకోనని వణుకుతూ చెప్పాడు. అది రక్తం కాదు. రిఫాంపిసిన్ అనే మందుకు మూత్రం ఎర్రటి నారింజ రంగులోకి మారుతుంది, కన్నీళ్లూ చెమటా కూడా ఆ రంగుకు తిరగొచ్చు. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అతను నిద్రపోయేవాడు. ఇప్పుడు కొత్తగా మందు మొదలుపెట్టిన ప్రతి మనిషికీ మేం మొదట చెప్పే మాట ఇదే.

రెండో నెలకు దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. మానేసే ప్రమాదం సరిగ్గా అప్పుడే. మూడు రోజులు రాలేదు, నేనే వాళ్లింటికి పోయాను. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, ఆ తర్వాత వైద్యం ఇంకా కష్టమని కూర్చోబెట్టి చెప్పాను. ఇంట్లో అతనికి పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టి ఉన్నాయి. క్షయ గిన్నెల వల్ల అంటదు, గాలి ద్వారా అంటుతుంది. వేరు పెట్టాల్సింది పళ్లెం కాదు, తెరవాల్సింది కిటికీ అని ఆ రోజే పరదా వెనక మూసి ఉన్న కిటికీ తెరిపించాను. 2009 అక్టోబరు వరదకు ఇంట్లోకి నీళ్లొచ్చాక ఆ కిటికీకి అడ్డంగా పలకలు కొట్టేశారట. పదిహేనేళ్లుగా ఆ గదిలోకి ఎండ రాలేదు.

కోర్సు పూర్తయింది. చివరి కళ్లె పరీక్షలో క్రిములు లేవు. చెల్లెలి నిఖా కూడా అయింది. వాళ్లమ్మ ఇప్పటికీ ఆ జబ్బు పేరు నోట పలకదు, నేనూ పలకమని అడగలేదు.

క్షయ రోగుల తిండి ఖర్చుకు ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ యోజన కింద చికిత్స సాగినన్నాళ్లూ ఇచ్చే డబ్బును 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. మనవాళ్లకు అది అందకపోవడానికి ఎక్కువగా బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలవకపోవడమే కారణం. ఆడవాళ్లలో కొందరికి సొంత ఖాతానే లేదు. మన యువకులు బ్యాంకుకు వెంట పోయి ఖాతాలు తెరిపించారు. ఈ పనికి వాళ్లను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

షుగరు, రంజాను

ఈసారి రంజాను 2025 మార్చి 2న మొదలైంది. రంజానుకు రెండు నెలల ముందు వచ్చే రజబ్ నెలలోనే షుగరు ఉన్నవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఉపవాసానికి మందుల వేళలు, మోతాదులు మారతాయి. ముఖ్యంగా ఇన్సులిన్, షుగరును గభాలున దించే కొన్ని మాత్రల విషయంలో సొంత లెక్కలు ప్రాణం మీదికి తెస్తాయి. షుగరు 70 కంటే పడిపోయినా, 300 దాటినా ఉపవాసం విడవాలన్నది వైద్యుల మాట. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా (ఉపవాసం) పోతుందేమోనని పెద్దవాళ్లు భయపడ్డారు. ఇమామ్ సాబ్ జుమా (శుక్రవారం) నమాజు తర్వాత లేచి, పోదని చెప్పారు. జబ్బుతో ఉన్నవాళ్లు ఆ రోజుల్ని తర్వాత పూర్తి చేసుకోవచ్చని ఖురాన్‌లోని బఖరా సూరా 185వ వాక్యం చదివి వినిపించారు. మేం ఇల్లిల్లూ తిరిగి నూరుసార్లు చెప్పినా రాని ధైర్యం ఆ ఐదు నిమిషాల్లో వచ్చింది.

ఇంకో సంగతి. పోయిన మే నెలలో జొహర్ (మధ్యాహ్నం) నమాజుకు వచ్చిన ఒక పెద్దాయన మసీదు వరండా బండల మీద చెప్పులు లేకుండా నడిచి పోయాడు. ఇంటికెళ్లాక మనవరాలు చూస్తే రెండు అరికాళ్లూ బొబ్బలు. షుగరుతో పాదాలకు స్పర్శ పోయింది, కాలిన సంగతే ఆయనకు తెలియలేదు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అప్పట్నుంచి గేటు దగ్గర్నుంచి లోపలి దాకా కొబ్బరి పీచు చాప పరిచాం, ఎండాకాలం దాన్ని తడుపుతున్నాం. షుగరు ఉన్నవాళ్లంతా రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూసుకోండి. కంటికి ఆనకపోతే ఇంట్లో పిల్లల చేత చూపించుకోండి.

టీకాలు, రక్తహీనత, దోమలు

కాన్పుకు పుట్టింటికి పోయి వచ్చిన తల్లుల దగ్గర టీకా కార్డు ఉండదు, అక్కడే మర్చిపోతారు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ సూదికి బిడ్డకు జ్వరం వస్తే రెండో డోసుకు అత్తగారు పంపరు. జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుందని ముందే చెప్పి, ఆ సాయంత్రం మళ్లీ ఇంటికి పోయి పలకరిస్తే మళ్లీ పంపుతున్నారు. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల మీద పుట్టిన పుకార్లు మసీదు మైకుల్లో చెప్పించాకే తగ్గాయి. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో మనకు పోలియో లేదన్న ధ్రువీకరణ వచ్చింది. తట్టు, రుబెల్లా టీకా మీద అలాంటి పుకార్లే ఇక్కడా తిరుగుతున్నాయి. బుధ, శనివారాల్లో ఆశా కార్యకర్తతో పాటు మనవాళ్లు ఒకరు ఉండాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. మన ఇళ్లల్లో ఐరన్ మాత్రలు ఉన్నాయి, కానీ వాటిని చాయ్‌తో మింగుతున్నారు. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసంతో మింగండి, చాయ్ గంటా రెండు గంటలు ఆగి తాగండి.

నీళ్లు రోజూ రావు కాబట్టి డ్రమ్ములు నింపుకోక తప్పదు. ఆ నీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. అది పగలే కుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. డ్రమ్ము ఖాళీ చేసినా దాని లోపలి గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. అందుకే పీచుతో రుద్ది కడగాలి. జుమా రోజు పొద్దున ఎలాగూ ఇల్లు కడుగుతాం, డ్రమ్ము కూడా అప్పుడే అని పెట్టుకున్నాం. ఈ ఒక్క అలవాటు బాగా కుదిరింది.

చేయలేకపోయినవి

ఒక చోట కౌంటరులో మన ఆడమనిషిని బురఖా చూసి చులకనగా మాట్లాడారు. ఆమె వరస వదిలేసి ఇంటికొచ్చేసింది. ఆమె పేరు రాయకుండా ఫిర్యాదు పంపాం, జవాబు రాలేదు, మళ్లీ పంపుతాం. గుట్కా, జర్దా మాన్పించే పని మొదలుపెట్టనే లేదు. మురుగు కాలువ గురించి ఇచ్చిన అర్జీలూ అలాగే ఉన్నాయి. మగవాళ్లకు మగ తోడు దొరకడం లేదు. అందుకే షెడ్లలో, రాత్రి డ్యూటీల్లో పనిచేసేవాళ్ల దాకా మేం పోలేకపోయాం.

వచ్చే ఏడాదికి వీధికి ఒక మగ తోడు కావాలి. పేరు ఇచ్చేవాళ్లు వచ్చే జుమా తర్వాత ఆఫీసులో రిజిస్టరులో రాయండి. వారంలో ఏ రోజు, ఏ పూట ఖాళీగా ఉంటారో పక్కనే రాయండి.

కార్యదర్శి