డార్క్ రైడ్‌లో చీకటే తక్కువైంది

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లకు పైగా లైటింగ్ పని చేస్తున్నాను. దసరాకు అమ్మవారిశాల చుట్టుపక్కల వీధుల్లో కట్టే సీరియల్ సెట్లు, జాతరల్లో నిలబెట్టే కరెంటు బొమ్మలు, నాటకాలకు ఫోకస్ లైట్లు, ఇవే నా బతుకు. మీ పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఈ ఏడాది ఒక థీమ్ పార్కులో కొత్తగా తెరిచిన డార్క్ రైడ్ గురించి మా ఊళ్లో రోజుకో మాట పుడుతోంది. మా వైపు నుంచి పిల్లల టూర్ బస్సులు ఎక్కువగా వెళ్లేది ఆ పార్కుకే, అందుకని టీ అంగడి దగ్గర కూడా ఇదే చర్చ. పార్కు పేరు రాయడం లేదు. ఆ రైడ్ బాగుపడాలని నా కోరిక, అంతే.

చూడని వాళ్ల కోసం చెబుతాను. డార్క్ రైడ్ అంటే మూసిన భవనంలో మనల్ని చిన్న బండిలో కూర్చోబెట్టి, చీకట్లో ఒక్కో గదీ దాటిస్తూ కథ చూపించేది. జెయింట్ వీల్‌లాగా ఒళ్లు ఊగదు. పిల్లలు, ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందరూ కలిసి ఎక్కగలిగేది అదొక్కటే. మా ఇంటావిడ మిగతా రైడ్లన్నింటి దగ్గరా బ్యాగులు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. దీన్ని మాత్రం మనవడి చేయి పట్టుకుని ఎక్కింది. అందుకే దీని మీద నాకు ఇంత పట్టింపు.

మేం వెళ్లింది జూన్‌లో. గంటకు పైగా లైన్లో నిలబడ్డాం. కథ బాగుంది. పాడుబడిన కోట, కోట కింద సొరంగం, సొరంగంలో నిధి, నిధికి కాపలాగా ఒక రాజు దయ్యం. మొదటి గదిలో దిగుడుబావి ఉంది. నీళ్ల మీద వెన్నెల పడినట్టు లైటు చేశారు. ఏదో కదిలే నీళ్లలోంచి లైటు కొట్టారు కాబట్టి ఆ వెలుగు గోడ మీద అలలు అలలుగా ఆడింది. చేసినవాళ్లు పని తెలిసినవాళ్లు. రెండో గదిలో పాము పడగ విప్పే బొమ్మ కూడా బాగుంది, మోటారు చప్పుడు వినిపించలేదు. మనవడు మా ఇంటావిడ కొంగులో తల దాచుకున్నాడు.

ఆ తర్వాతే రాజు దయ్యం గది. ఆ గది కోసమే రైడ్ కట్టినట్టుంది, ఖర్చంతా అక్కడే పెట్టారు. బండి ఆగింది, డప్పుల మోత మొదలైంది, రాజు సింహాసనం మీద ప్రత్యక్షమయ్యాడు. అప్పుడు మావాడు తల ఎత్తి, "తాతా, ఆ రాజు వెనకాల పైపు ఎందుకుంది?" అని అడిగాడు. వాడికి ఎనిమిదేళ్లు. వాడి భయం అక్కడితో పోయింది. తర్వాతి మూడు గదులూ వాడు దయ్యాల వైపు చూడలేదు, పైపులు వెతుక్కున్నాడు.

ఆ రాజు ఎలా వస్తాడో నాకు తెలుసు. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, లోపల లైటు వెలుగుతుంటే అద్దంలో మన ముఖం బయట చీకట్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది కదా. డ్రైవరు లైటు ఆర్పగానే ముఖం పోయి తుమ్మచెట్లు కనిపిస్తాయి. అదే కిటుకు. అవతలిది కనిపించే పెద్ద గాజు అద్దాన్ని ఏటవాలుగా నిలబెడతారు. మనకు కనపడని చాటు చోట బొమ్మను పెట్టి దాని మీద లైటు వేస్తారు. బొమ్మ నీడలాంటి రూపం అద్దంలో పడి, సింహాసనం మీద కూర్చున్నట్టు తోస్తుంది. దీన్ని 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన స్టేజీ మీద చూపించాడు, అందుకే పెప్పర్ దయ్యం అంటారు. ఆలోచన హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరుది, దాన్ని నాటకశాలకు పనికొచ్చేలా మార్చింది పెప్పర్. నూట అరవై ఏళ్ల నాటి కిటుకు. ఇప్పటికీ దీనికి కావలసింది ఒక్కటే, అద్దం వెనక నిండు చీకటి. అక్కడ కాస్త వెలుగు పడినా రూపం పలచబడిపోతుంది, వెనకున్నవన్నీ బయటపడతాయి.

మేం చూసిన గదిలో పక్క గది స్క్రీన్ వెలుగు నేరుగా వచ్చి అద్దం వెనక గోడ మీద పడుతోంది. గోడకు వేసింది బూడిద రంగు. మా పనిలో మట్టి నలుపు అంటాం, మెరుపు లేని నలుపు, అది వేయాలి. అద్దం మీద దుమ్ము కూడా ఉంది. దుమ్ము పట్టిన అద్దం మీద లైటు పడితే దయ్యం కంటే ముందు అద్దమే కనిపిస్తుంది. మెషిన్ చెడిపోలేదు, బొమ్మ చెడిపోలేదు. వెలుగు కారుతోంది, అంతే.

ఇది చిన్న విషయం అనుకోవద్దని ఒక సంగతి చెబుతాను. మా పెద్దమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. 2019 వేసవిలో వెళ్లినప్పుడు డిస్నీలాండ్‌లో హాంటెడ్ మాన్షన్‌కు తీసుకెళ్లింది. 1969 ఆగస్టులో తెరిచిన రైడ్ అది. అందులో టోపీ పెట్టె పట్టుకున్న దయ్యం ఒకటుంది. దాని తల భుజాల మీద మాయమై చేతిలోని పెట్టెలో కనిపించాలి. తెరిచిన కొత్తలో అది కుదరలేదు. చుట్టుపక్కల లైట్ల వెలుగు పడి తల పూర్తిగా మాయం కాలేదని చెబుతారు. దాంతో కొద్ది రోజులకే ఆ బొమ్మను తీసేశారు. మళ్లీ పెట్టింది 2015లో. నలభై ఆరేళ్లు. అంత పెద్ద సంస్థ, అంత డబ్బు, అయినా కారే వెలుగు ఒక దయ్యాన్ని అన్నేళ్లు బయట కూర్చోబెట్టింది. నేను వెళ్లేటప్పటికి అది తన చోట నిలబడి పని చేస్తోంది. నేను రెండుసార్లు ఎక్కాను. అదే రైడ్‌లో నాట్యం చేసే దయ్యాల హాలు ఉంటుంది, అదీ పెప్పర్ కిటుకే. రెండుసార్లు ఎక్కినా అద్దం అంచు ఎక్కడుందో నాకు దొరకలేదు.

ఇక మా ఊళ్లో తిరుగుతున్న మాటలు. రైడ్ మూసి బండికో తుపాకీ బిగిస్తారట, దయ్యాలను కాల్చి పాయింట్లు కొట్టే ఆట చేస్తారట. ఇది టీ అంగడి మాట. అందరి కళ్లకూ వీఆర్ అద్దాలు, అంటే లోపలే బొమ్మ ఆడే పెద్ద కళ్లద్దాలు, తగిలిస్తారని వాట్సాప్‌లో వచ్చింది. బొమ్మలన్నీ పీకేసి గోడలకు స్క్రీన్లు బిగిస్తారని, అక్కడ పనిచేసే కుర్రాడు చెప్పాడని మా దగ్గర సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే తమ్ముడు అన్నాడు. రాజు గదిని సరిచేసి ఇంకో రెండు గదులు కలుపుతారన్నది నాలుగో మాట. ఇది నిజం కావాలని రోజూ అనుకుంటున్నాను.

తుపాకీల సంగతి. అలాంటి రైడ్లు మంచివే, మహారాష్ట్రలోని ఇమాజికా పార్కులో ఆలీబాబా కథతో ఒకటుంది. కానీ తుపాకీ చేతికిస్తే పిల్లవాడు గుండ్రటి గురిని చూస్తాడు, పాయింట్లు చూస్తాడు. దిగుడుబావి మీద వెన్నెల ఎవరు చూస్తారు? ముసలావిడ చేతికి తుపాకీ ఎందుకు?

వీఆర్ అద్దాలంటే నాకు నిజంగా బెంగ. 2016లో ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో ఒక రోలర్ కోస్టర్‌కు ఆ అద్దాలు పెట్టి పెద్ద ప్రచారం చేశారు, కొన్నేళ్లకే తీసేశారు. ఒక్కొక్కరికీ తగిలించాలి, బిగించాలి, దిగాక తుడవాలి. ఇప్పటికే గంట పట్టే లైను ఎంతవుతుందో ఊహించుకోండి. అసలు నలుగురం పక్కపక్కన కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ భయపడటమే కదా ఇందులో ఆనందం. మావాడు కొంగులో తల దాచుకోవడం నాకు కనిపించకపోతే నాకు ఆ రైడ్‌తో పనేముంది?

స్క్రీన్ల మాట వింటే నాకు నా పనే గుర్తొస్తుంది. మేం మొదట్లో సీరియల్ సెట్లకు మోటారుతో తిరిగే చెక్క రోలరు వాడేవాళ్లం. దాని మీద రాగి పట్టీలు కొట్టి, ఏ బల్బు ఎప్పుడు వెలగాలో ఆ పట్టీలతోనే లెక్క కట్టేవాళ్లం. ఇప్పుడు అరచేతిలో పట్టే చిప్ ఆ పని చేస్తుంది, నేనూ వాడుతున్నాను. కొత్తది వద్దనను. కానీ దసరా వీధుల్లో జనం ఎక్కడ ఆగుతారో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ఎల్‌ఈడీ స్క్రీన్ ముందు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నిజంగా చేయి ఎత్తే బొమ్మ ముందు నిలబడతారు, పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకుంటారు. ఇంట్లో టీవీ ఉంది, చేతిలో ఫోను ఉంది. అంత దూరం వెళ్లి టికెట్ కొనుక్కుని మళ్లీ స్క్రీనే చూడాలా?

ఈ విద్యకు మా కడప జిల్లా కొత్త కాదు. 1885లో ఇక్కడి సురభి గ్రామంలోనే వనారస గోవిందరావు గారి చేతుల మీదుగా సురభి నాటకాలు పుట్టాయి. చిన్నప్పుడు మా నాయన భుజాల మీద కూర్చుని చూశాను. మనుషులు తీగల మీద గాల్లో తేలేవాళ్లు, రాక్షసుడు కళ్ల ముందే మాయమయ్యేవాడు, స్టేజీ మీద వాన పడేది. పల్చటి వల తెరకు ముందు నుంచి లైటు వేస్తే గోడలా కనిపిస్తుంది. ముందు లైటు ఆర్పి వెనక లైటు వేస్తే తెర కరిగిపోయి లోపలి మనిషి కనిపిస్తాడు. ఆ నాటకాలు చూసిన తర్వాతే నాకు కరెంటు పని మీద మనసు పడింది. రాజు దయ్యం గదికి, పక్క గదికి మధ్య నల్లటి మందపాటి తెరలు రెండు వరుసలు దించి, బండి మలుపు తిరిగే చోట నల్ల గుడ్డ కడితే వెలుగు కారడం చాలావరకు ఆగిపోతుంది. లక్షల పని కాదు.

మారుస్తారా అని నిరాశపడుతున్న వాళ్లు చాలామంది ఉన్నారు. మార్చిన వాళ్లు ఉన్నారు. ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ అనే డిస్నీ పార్కులో 1983 నుంచి ఊహాశక్తి మీద ఒక రైడ్ ఉండేది, ఫిగ్మెంట్ అనే ఊదారంగు చిన్న డ్రాగన్ అందులో పిల్లలకు ప్రాణం. 1999లో రైడ్‌ను కొత్తగా చేసి తెరిచినప్పుడు ఆ డ్రాగన్‌ను దాదాపు తీసేశారు. జనం ఊరుకోలేదు. 2001లో మూసి, 2002లో ఫిగ్మెంట్‌ను మళ్లీ తెచ్చి తెరిచారు. కాలిఫోర్నియాలో 2001లో తెరిచిన లిమోజిన్ కార్ల రైడ్ ఒకటి ఏడాది కూడా నడవలేదు. తర్వాత అవే పట్టాల మీద వేరే కథ పెట్టి 2006లో తెరిస్తే నిలబడింది. మన రైడ్‌కు అంత పెద్ద మార్పు అవసరమే లేదు, కథ బాగుంది కాబట్టి.

ఇంకో రెండు విషయాలు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకటి భాష. దయ్యం మాట్లాడేది హిందీ, ఇంగ్లీషు. మా బండిలో వెనక కూర్చున్న పెద్దావిడ ప్రతి గదిలోనూ "ఏమంటాండాడు నాయనా?" అని కొడుకును అడుగుతూనే ఉంది. ఆయన చెప్పేలోపు బండి తర్వాతి గదికి వెళ్లిపోయేది. అక్కడికి వచ్చే బస్సుల్లో సగం మనవే అనిపించింది నాకు. తెలుగు మాటలు రికార్డు చేసి పెట్టడం ఒక్క రోజు పని. పద్యం పాడగల గొంతులు మా జిల్లాలో ఎన్ని కావాలన్నా ఉన్నాయి.

రెండోది, నేను చీకటి కావాలంటున్నానని ఎగ్జిట్ బోర్డుల లైట్లు ఆర్పమని మాత్రం అనుకోవద్దు. 1984 మేలో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక పార్కు భూత్ బంగ్లా తగలబడి ఎనిమిది మంది పిల్లలు చనిపోయారు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ కాలిపోయి పాతిక మందికి పైగా పోయారు, అందులో చిన్నపిల్లలు ఉన్నారు. మా పనిలో ఒక వైరు వేడెక్కినా నాకు ఆ ఊరే గుర్తొస్తుంది. ఎగ్జిట్ లైటు వెలగాల్సిందే, దారి ఖాళీగా ఉండాల్సిందే. ఆ వెలుగు అద్దం మీద పడకుండా బొమ్మనో అద్దాన్నో జరుపుకోవాలి, బోర్డును కాదు. నేను చెప్పిన నల్ల గుడ్డ కూడా నిప్పు అంటుకోని రకమే కట్టాలి. అది మామూలు గుడ్డ కంటే ఖరీదు, అయినా అదే కట్టాలి.

సంపాదకులు గారూ, మీ విలేకరుల్లో ఎవరైనా ఆ పార్కు వాళ్లను కలిసి, రైడ్ మూస్తారా, ఏం మారుస్తారు, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగి మీ పేజీలో వేయండి. ఆ జవాబు లేకనే ఇన్ని పుకార్లు. దసరా సెలవులకు వెళ్దామని డబ్బులు దాచుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి, మూసి ఉన్న తలుపు చూసి ఆ పిల్లలు వెనక్కి రాకూడదు.

ఈ ఉత్తరం ఆ పార్కు వాళ్ల కంట పడితే వాళ్లకు నా మనవి ఒకటే. బండ్లు ఆపి మెయింటెనెన్స్ చేసుకునే ఏదో ఒక రోజు పొద్దున నన్ను లోపలికి రానివ్వండి. చార్జీలు నావే, కూలీ అక్కర్లేదు. ఒక నిచ్చెన, మట్టి నలుపు డబ్బా, అద్దం తుడిచే గుడ్డ ఉంటే చాలు. రాజు ఎదుట బండి ఆగే చోట మావాడి ఎత్తులో కూర్చుని, వెలుగు ఎక్కడెక్కడి నుంచి కారుతోందో ఒక్కొక్కటీ సుద్దతో గుర్తు పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
ఒక లైటింగ్ పనివాడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.