మా అమ్మను మీ ఇంట చేర్చుకున్నందుకు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మన పర్లాకిమిడి సంఘంవాళ్ళకి, మా వీధివాళ్ళకి, బరంపురంలో నేను ఇంతవరకు మొహం కూడా చూడని కొందరికి ఈ నాలుగు మాటలు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పాను గానీ నలుగురిలో చెప్పకపోతే మనసొప్పడం లేదు.

తెలియనివాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం సాయంత్రం అమ్మ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నేను మలావి దేశంలో, జోంబా దగ్గర ఒక మిషన్ క్లినిక్‌లో నర్సుని. అన్నయ్య సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్నాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే.

కేక విని మొదట వచ్చింది పక్కింటి పిన్ని. పడినవాళ్ళని చూడగానే చంకల కింద చేతులేసి లేపబోతాం కదా, పిన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట. విరిగిన కాలికి రెండు పక్కలా తలగడలు పెట్టి చీరతో కట్టి, మడత మంచం తెప్పించి, దానిమీదికి దుప్పటితో సహా మార్పించింది. ఆవిడ ఏ నర్సింగూ చదవలేదు. నేను పాఠం చెప్పినా పిల్లలు అంత శుభ్రంగా చెయ్యరు. అంతా అయ్యాకే నాకు ఫోన్ చేసి, "ఏటీ బెంగెట్టుకోకమ్మా, మేం లేమేటి?" అంది.

రాత్రి మొదట తీసుకెళ్ళిన చోట ఎముకల డాక్టరు లేరు, పొద్దున రమ్మన్నారు. మన సంఘం పాస్టరు అయ్యగారు పొద్దుటిదాకా ఆగలేదు. శ్రీకాకుళమా, బరంపురమా అని గేటు దగ్గరే మాటలు నడిచాయి. శ్రీకాకుళం దగ్గర, అక్కడ మాటా మనదే. కానీ అమ్మ కార్డు ఒడిశాది, ఆంధ్ర ప్రభుత్వపు ఉచిత వైద్యానికి పనికిరాదు. 1936లో రాష్ట్రాల మధ్య గీసిన గీత మన వీధుల్లో ఎవరికీ కనబడదు, ఆసుపత్రి కౌంటరు దగ్గర మాత్రం బాగా కనబడుతుంది. చివరికి పలాస దగ్గర హైవే ఎక్కి, ఇచ్ఛాపురం దాటి, మళ్ళీ ఒడిశాలోకి, బరంపురం పెద్దాసుపత్రికి. బండి నడిపిన ఒడియా తమ్ముడు అమ్మని 'మావుసీ' అని పలకరిస్తూ, గుంత వచ్చిన ప్రతిచోటా ముందే చెబుతూ తీసుకెళ్ళాడట. డీజిలు డబ్బులు తప్ప రూపాయి పుచ్చుకోలేదు. తమ్ముడూ, ఇది ఎవరైనా నీకు ఒడియాలో చదివి వినిపించాలి.

ముసలితనంలో తుంటి విరిగితే ప్రాణం మీదికి తెచ్చేది ఎముక కాదు, ఆ తర్వాతి పడక. ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, వీపుకి పుళ్ళు పడతాయి, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. అందుకే ఆపరేషను తొందరగా అవ్వాలి, మనిషిని తొందరగా లేపి కూర్చోబెట్టాలి. ఇదంతా తెలిసి ఉండడం ఆ వారం నాకు మేలేమీ చెయ్యలేదు. మీకు వాట్సాప్‌లో రాసి పంపడానికి మాత్రం పనికొచ్చింది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి, మడమల కింద మెత్త పెట్టండి, నీళ్ళు గుటక గుటకగా పట్టండి అని రాశాను. మన సంఘం స్త్రీల సమాజంవాళ్ళు వంతులు వేసుకున్నారు. అంతటితో ఊరుకోకుండా బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి కొని, చేసిందల్లా అందులో రాసి, పేజీ పేజీకీ ఫొటో తీసి పంపారు. ఒక పేజీలో ఇలా ఉంది: "రా. 2 గం. ఎడమ పక్కకి తిప్పాం. నీళ్ళు రెండు గుటకలు. నొప్పి ఉంది. పాట పాడమన్నారు. పాడాం. పక్క బెడ్డువాళ్ళు ఇంకోటి పాడమన్నారు." మా క్లినిక్‌లో కేసు షీట్లు ఇంత వివరంగా ఉండవు.

ఇక్కడ మలావి ఆసుపత్రుల్లో రోగి వెంట వచ్చిన బంధువుల్ని గార్డియన్లు అంటారు. వంట వాళ్ళదే. ఆవరణలోనే రాళ్ళపొయ్యి పెట్టుకుని మొక్కజొన్న పిండితో సంకటిలాంటి న్సీమా వండి, రోగికి పెట్టి, మిగిలింది తాము తిని, వరండాలో పడుకుంటారు. రోజూ వాళ్ళని దాటుకుంటూ వార్డులోకి వెళతాను. ఆ సోమవారం మాత్రం దాటలేకపోయాను, వాళ్ళ మధ్యే కూర్చుండిపోయాను. ఇక్కడి భాష చిచేవాలో నావి ఇంకా తప్పటడుగులే. (మన కొండల్లోని సవరల భాషను పట్టుకుని, 1931లో దాని వ్యాకరణం అచ్చయ్యేదాకా వదలని మన గిడుగు రామమూర్తిగారిని తలుచుకుని ధైర్యం తెచ్చుకుంటుంటాను.) అమ్మ పడిపోయిందని, దూరమని, ఇంతే చెప్పగలిగాను. ఒకావిడ తన గిన్నెలోంచి న్సీమా, మన నెత్తళ్ళలాంటి ఎండుచేపల కూర తీసి నా చేతిలో పెట్టింది. మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. నేను సేవ చెయ్యడానికి వచ్చానని అనుకునే చోట ఆ వారమంతా సేవ అందుకున్నాను.

గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మూడోదాని మీద ప్రసంగం నాకు ఇచ్చారు. ఇది ముందే అనుకున్నది, అమ్మ సంగతి తెలిసి ఇచ్చింది కాదు. "యిదిగో నీ తల్లి." ఈ మాట మీద చిన్నప్పటినుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను. సిలువ మీద కూడా తల్లిని మరవని కొడుకు గురించే అందరూ చెబుతారు. ఆ వచనం అక్కడితో అయిపోదు. ఆ గడియనుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడని ఉంది. ఒప్పుకున్నాడో లేదో, ఇంట్లోవాళ్ళు ఏమన్నారో, ఆమెకి ఎక్కడ పక్క వేశారో యోహాను రాయలేదు. నాకు ఆ శుక్రవారం ఆ శిష్యుడి ఇల్లే కళ్ళముందు ఉంది. అప్పటికి అమ్మకు ఆపరేషను అయిపోయింది, సంఘం కుర్రాళ్ళు ఇద్దరు రక్తం ఇచ్చారు. ప్రసంగంలో నోటుపుస్తకం పేజీ చదివి చిచేవాలో చెప్పించాను. పాట దగ్గరికి వచ్చేసరికి గుడంతా నవ్వారు. గుడ్ ఫ్రైడే నాడు నవ్వొచ్చా అంటే, నాకైతే తప్పనిపించలేదు.

1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీలు మన కొండలదాకా వచ్చారని సండే స్కూల్లో చెప్పేవాళ్ళు. వాళ్ళ తల్లులకి తుంటి విరిగితే ఎవరు చూశారో ఎవరూ చెప్పలేదు. అప్పట్లో ఓడ మీద ఉత్తరం చేరేసరికే వారాలు గడిచిపోయేవి. ఆ చూసినవాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ ఎక్కి ఉండవు.

ఇంకొకరికి చెప్పాలి. "తల్లిని ఒంటరిగా వదిలేసి ఆఫ్రికాలో సేవేమిటే" అని పెళ్ళిలో పదిమంది ముందు నన్ను నిలదీసిన మా అత్త. ఆసుపత్రిలో అందరికన్నా ఎక్కువ రాత్రులు కూర్చుంది ఆవిడే. అత్తా, నీ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. అడగడం మానకు.

వంట చేసినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి దాచి కూడబెట్టిన డబ్బుతో పాటు ఈస్టరు టిఫిన్లకని దాచింది కూడా స్త్రీల సమాజం అమ్మకే ఖర్చు పెట్టింది. అన్నయ్య శనివారం వచ్చాక కొంత కట్టాడు, మిగిలింది నేను ఈ నెల జీతంలోంచి పంపాను. రసీదులు అయ్యగారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

అమ్మ ఇప్పుడు వాకరుతో వాకిలిదాకా వస్తోంది. మెట్లు ఎక్కడానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం గుడికి వస్తానని పేచీ పెడుతుంది, యవ్వనస్థులు మొహమాటపడి ఆటో పిలవకండి. పిన్నీ, ఆవకాయ జాడీ పై అరలోంచి దింపి కింద పెట్టు. లేకపోతే స్టూలు ఎక్కేస్తుంది.