టికెట్లు మూసేయడం తప్ప ఏమీ చేయని మీ సర్వీసు విభాగం గురించి

సర్వీసు మేనేజరు గారికి,

ఆర్ఎన్ఏ నాణ్యత చూసే మీ యంత్రం మా ల్యాబ్‌లో మూలపడి ఉంది. శాంపిళ్లు వేసిన చిప్ పెడితే లాడర్, అంటే సైజు పోల్చి చూసే ప్రామాణిక ఆర్ఎన్ఏ, రావడం లేదు. యంత్రమన్నాక పాడవుతుంది, దానికి నేనేమీ అనను. నా కోపమల్లా మీ మనుషుల మీద.

కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ముందు సంగీత కచేరీ. అది అయ్యాక ఒక అబ్బాయి, "ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?" అన్నాడు. చేశాం బాబూ అన్నాను. టికెట్ పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మెసేజ్: "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి". ఎవరొచ్చారు? ఏం బాగుచేశారు? మళ్లీ చేస్తే ఇంకో అమ్మాయి, శాంపిల్ మనిషిదా ఎలుకదా అని అడిగింది. రొయ్యది అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "ఆ ఆప్షన్ లేదు సార్, ఎలుక అని పెట్టేయనా?" భీమవరంలో కూర్చుని వనామీ రొయ్యని ఎలుకగా రాయించుకోవాల్సిన ఖర్మ పట్టింది మాకు.

ఆ తర్వాత మీ అప్లికేషన్ నిపుణుడు లైన్లోకి వచ్చారు. మా పాత రిపోర్టు తిరగేసి, "28ఎస్ (పెద్ద రైబోజోమ్ ఆర్ఎన్ఏ) పీక్ లేదు, ఆర్ఐఎన్ (ఆర్ఎన్ఏ నాణ్యత మార్కు) తక్కువ, మీ ఆర్ఎన్ఏ చెడిపోయింది, ఐస్‌లో పెట్టడం నేర్చుకోండి" అని క్లాసు పీకారు. అయ్యా, రొయ్యలో 28ఎస్ నడిమికి సహజంగానే తెగి ఉంటుంది. హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయంతే. లోడ్ చేసేముందు 70 డిగ్రీల దగ్గర వేడిచేస్తే రెండు ముక్కలై, దానికంటే చిన్నదైన 18ఎస్ ఆర్ఎన్ఏ పక్కకే వచ్చి చేరుతుంది. చాలా కీటకాల్లోనూ ఇంతే. ఆర్ఐఎన్ లెక్క కట్టిందే మనిషి, ఎలుకల్లాంటి జంతువుల ఆర్ఎన్ఏ చూసి. మా పిల్లలు మొగల్తూరు చెరువు గట్టున ఎండలో కూర్చుని, రొయ్య కొట్టుకుంటుండగానే మొప్పలు తీసి ద్రవ నత్రజనిలో వేస్తున్నారు. వాళ్లకా ఐస్ పాఠం? పైగా లాడర్ మీరు అమ్మిన సీసాలోది. అదే రాకపోతే మా రొయ్య చేసిన పాపమేంటి?

అమ్మేటప్పుడు మీ సేల్స్ ఆయన మా స్టాఫ్‌రూమ్‌లో పూతరేకులు తింటూ, "అర్ధరాత్రి పిలిచినా వస్తాం సార్" అన్నారు. ఇప్పుడు ఆయన నంబరు స్విచ్చాఫ్. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. పక్క కాలేజీల వాళ్లు ఏ యంత్రం కొనాలని అడిగితే ఇన్నాళ్లూ మీ పేరే చెప్పినందుకు మంచి బహుమానం.

రొయ్యల తెల్లమచ్చ వైరస్ జబ్బు మీద మా పని ఆగిపోయింది, ఫ్రీజర్‌లో శాంపిళ్లున్నాయి, కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ దగ్గరికి పరుగెత్తేది మేమే. ఇంజినీరును పంపుతారో, యంత్రాన్నే పట్టుకుపోతారో మీ ఇష్టం. ముందు రొయ్యకీ ఎలుకకీ తేడా తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. లేకపోతే ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) డబ్బు నిలిపేయమని ప్రిన్సిపాల్ గారికి నేనే రాసిస్తాను. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి కాగితాలన్నీ ఫైల్లో పెట్టి ఉంచాను, మీ "పరిష్కారమైంది" మెసేజ్‌లతో సహా.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌ఛార్జి, జువాలజీ విభాగం,
భీమవరం