చెవికి క్లిప్పు పెట్టుకుని మాత్రలు మానేస్తే

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల చంద్రగిరి నుంచి మా అక్క మా ఇంటికొచ్చింది. చెవికి ఒక క్లిప్పు, దాని వైరు కొంగు చాటున నడుముకు దోపుకున్న చిన్న పెట్టెలోకి. ఏందక్కా ఇది, పాటలు వింటున్నావా అంటే నవ్వి, ‘షుగర్ మిషన్‌రా, నలభై రోజులు పెట్టుకుంటే మాత్రల పనే లేదంట’ అంది. అప్పటికే మాత్రలు మానేసి 18 రోజులు. మా ఇంట్లో మీటరుతో పరగడుపున చూస్తే 312.

తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో వారం రోజులు ఉచిత శిబిరం పెట్టి, చివరి రోజు 8,500 రూపాయలకు అంటగట్టారు. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం ఆ శిబిరం గోడకు తగిలించిన పేపర్ కటింగు. లామినేషన్ చేయించి మరీ పెట్టారు. అక్క ఫోన్లో ఫోటో తీసుకొచ్చింది. ‘షుగర్‌కు ఇక మందులక్కర్లేదు’ అని పెద్దక్షరాల్లో హెడ్డింగు. ఏ పత్రికో చెప్పను, మీది కాదులెండి.

కళ్లజోడు పెట్టుకుని చదివితే ఆ వార్త అసలు చెవి క్లిప్పు గురించే కాదు. 2022లో అమెరికాలో కాలేయం దగ్గరుండే నరాల మీదికి అల్ట్రాసౌండ్ పంపి చేసిన పరిశోధన అది. రక్తంలో చక్కెర ఎంతుందో కాలేయం దగ్గరి నరాలు మెదడుకు కబురు చేస్తుంటాయి, షుగర్ జబ్బులో ఆ కబురు సరిగ్గా అందదు, బయటి నుంచి ఆ నరాలను కదిలిస్తే మళ్లీ దారిలో పడుతుందేమోనని చూశారు. రోజుకు మూడు నిమిషాలు చేస్తే చక్కెర బాగా దిగింది. ఎవరికి? ఎలుకలకు, చుంచులకు, పందులకు. ఆ మాట వార్తలో ఉంది, కాకపోతే చివరి పేరాలో, మడత పడినచోట.

నేను రిటైరైన సైన్సు మాస్టారిని, డాక్టరును కాను. నరాలను కదిలించి చూసే ఈ విద్య అంతా బూటకమని నేననను. చెవిలో దూదిపుల్ల పెట్టుకుంటే కొందరికి ఉన్నట్టుండి దగ్గొస్తుంది చూడండి, అది వేగస్ నరం కొమ్మ తగలడం వల్లే. మెదడు నుంచి గుండె, పొట్ట, కాలేయం, క్లోమం దాకా పోయే నరం అది. దాని కొమ్మ చెవి దొప్పలోకి వస్తుంది కాబట్టి, అక్కడ సన్నగా కరెంటు ఇచ్చి చూడాలన్న ఆలోచనలో తప్పేం లేదు. చైనాలో అలా 12 వారాలు, రోజుకు రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు ఇచ్చి చూసి 2014లో ఫలితం అచ్చువేశారు, తిన్న తర్వాతి చక్కెర కొంత తగ్గింది కూడా. కానీ వాళ్లు డెబ్బై మంది చిల్లర, అదీ షుగర్ ఇంకా రాకుండా అంచున ఉన్నవాళ్లు. మా అక్కలా 12 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మింగుతున్నవాళ్లు కారు. రేపు ఇది నిజంగా పనికొచ్చినా మాత్రలకు, తిండికి, నడకకు తోడుగా పనికొస్తుంది. ఆ ‘తోడుగా’ అన్న ఒక్క మాట హెడ్డింగులో ఉంటే లామినేషన్‌వాడికి అది దేనికీ పనికొచ్చేది కాదు.

అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన తిట్టలేదు, ముందు పాదాలు చూశాడు. గట్టి నైలాన్ దారం లాంటిది అరికాలికి ఆనించి, తెలుస్తోందా అమ్మా అంటుంటే రెండు చోట్ల అక్క ఊరికే కూర్చుంది, ఇంకా పెట్టలేదేమో అనుకుందంట. నాకు గుండె జారింది. అదే శిబిరంలో అరికాళ్ల కింద కరెంటు ప్లేట్లు పెట్టి అరగంట కూర్చోబెట్టారు మరి. స్పర్శ తెలియని కాలు కాలితే ఎవరు చెప్తారు? కరెంటు పెట్టేముందు, గుండె సరిగ్గా కొట్టుకోడానికి పెట్టే పేస్‌మేకర్ పరికరం ఉందా అని కూడా ఎవర్నీ అడగలేదంట.

షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదని 1954 నాటి చట్టమే ఉంది, దాని జాబితాలో మధుమేహం పేరు అచ్చంగా ఉంది. అయినా ఆ శిబిరం కరపత్రాలు పొద్దున్నే పేపర్ మడతలోనే మా వీధికి వచ్చాయి. అవి పెట్టింది పేపర్ వేసే పిల్లాడే, మీకు తెలియకపోవచ్చు, కానీ పేపర్లో వచ్చిందంటే మా అక్కలాంటివాళ్లకు అది మీరు చెప్పినట్టే. అందుకే అడుగుతున్నాను. ఇలాంటి వార్త వేసినప్పుడు పరీక్ష ఎలుకల మీదో మనుషుల మీదో, ఎంతమంది మీదో మొదటి పేరాలోనే రాయండి. మాత్రలు మానొద్దన్న మాట కూడా అక్కడే.

అక్క మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. మొన్న సోమవారం పరగడుపున 148. క్లిప్పు మా బీరువాలో ఉంది. వినియోగదారుల ఫోరానికి వెళ్దామంటే వాళ్లిచ్చిన బిల్లు ఒక తెల్లకాగితం ముక్క, దాని మీద పెన్నుతో 8,500 అని రాసి కింద గీత గీశారు, అంతే.

ఇట్లు
ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి