మీరు చేసిన అప్‌గ్రేడ్ తర్వాత నా ఎడిటింగ్ ఇంకా నెమ్మదించింది

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ప్రాసెసర్, ర్యామ్ మార్పుపై ఫిర్యాదు

నమస్కారం. మూడు వారాల క్రితం మీ సంస్థలో నా కంప్యూటర్‌కు అప్‌గ్రేడ్ చేయించుకున్నాను. "ప్రాసెసర్, ర్యామ్ మార్చేస్తే వీడియో ఎడిటింగ్ రెట్టింపు వేగంగా నడుస్తుందండీ" అని మీ సలహాదారు ఫోన్‌లో చెప్పారు. మీ కొటేషన్‌లోనూ అదే మాట ఉంది. నమ్మి డబ్బు కట్టాను. పాత ప్రాసెసర్ మీద సాఫీగా సాగిన టైమ్‌లైన్ ఇప్పుడు అడుగడుక్కీ ఆగుతోంది.

నేను వినికిడి లేని పిల్లల కోసం సంజ్ఞా భాషలో పాఠాల వీడియోలు ఎడిట్ చేస్తాను. ఒక సంజ్ఞ ముగిసి మరొకటి మొదలయ్యే చోటు చూసుకుని సరిగ్గా అక్కడే కట్ చేయాలి. ప్లేబ్యాక్‌లో ఫ్రేములు ఎగిరిపోతే ఆ చోటు నాకు దొరకదు. చెయ్యి కదలిక మధ్యలో తెగిపోతే పిల్లలకు ఆ మాటే అందదు.

నా కెమెరా 4కే వీడియోను హెచ్‌ఈవీసీ 10 బిట్, 4:2:2 రూపంలో రికార్డు చేస్తుంది. హెచ్‌ఈవీసీ అంటే వీడియోను కుదించే పద్ధతి, 4:2:2 అంటే రంగుల వివరం ఎక్కువగా ఉంచే రకం. ఇలాంటి ఫైల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. చాలావాటిలో పక్క ఫ్రేములతో ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. ఒక్క ఫ్రేము చూపించాలన్నా దాని చుట్టుపక్కలవి విప్పుకోవాల్సిందే. నా పాత ప్రాసెసర్ ఐ5-11400లోని గ్రాఫిక్స్ భాగం, ఇంటెల్ వాళ్ళు క్విక్ సింక్ అంటారే, అది ఈ పని చూసుకునేది. మీరు పెట్టింది ఐ7-11700ఎఫ్. కోర్లు 6 నుంచి 8కి పెరిగిన మాట నిజమే. కానీ పేరు చివరి ఆ 'ఎఫ్' ఉందంటే లోపలి గ్రాఫిక్స్ లేవని అర్థం. క్విక్ సింక్ పోయింది. నా ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు హెచ్‌ఈవీసీని విప్పుతుంది గానీ 4:2:2ను విప్పలేదు. ఎన్విడియాలో ఆ వసతి 50 సిరీస్ కార్డులతో గానీ రాలేదు. బరువంతా కోర్ల మీద పడింది. ప్లే నొక్కగానే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 100 శాతం దగ్గరే ఉండిపోతోంది. నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ (ఫైలు విప్పే పని) కింద కనిపించే ఇంటెల్ ఎంపిక ఇప్పుడు కనిపించడం లేదు.

ఇక ర్యామ్. 16 జీబీ నుంచి 32 జీబీ చేశారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రివ్యూ మునుపటికన్నా ఎక్కువసేపు నిలుస్తోంది, ఆ మేలు ఒప్పుకుంటాను. అయితే రెండు 8 జీబీ స్టిక్కులు తీసేసి ఒకే 32 జీబీ స్టిక్కు పెట్టారు. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు ఛానళ్ళ దారి ఒక్కటైపోయింది. పైగా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగు, ఆన్ చేయకపోవడంతో 3200 వేగపు స్టిక్కు 2133 దగ్గరే నడుస్తోంది. మునుపు 2666 వద్ద రెండు ఛానళ్ళలో సెకనుకు గరిష్ఠంగా 42 జీబీ దాకా అందేది, ఇప్పుడు 17 జీబీ.

మీ సర్వీసు విభాగానికి రెండుసార్లు రాశాను. మొదటిసారి "భాగాలన్నీ పరీక్షలో పాసయ్యాయి" అన్నారు. అయ్యే ఉంటాయి. ఏదో పాడైందని నేను అనడం లేదు, నా పనికి సరిపోనిది పెట్టారని అంటున్నాను. రెండోసారి "ప్రాక్సీలు చేసుకోండి" అన్నారు. తక్కువ రిజల్యూషన్ కాపీలతో కట్ చేసుకునేటట్టయితే నా పాత ప్రాసెసరే సరిపోయేది కదండీ! డబ్బు తీసుకునే ముందు "మీ ఫుటేజ్ ఏ ఫార్మాట్‌లో ఉంటుంది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అడగలేదన్నదే నా అసలు ఫిర్యాదు.

పాత ప్రాసెసర్‌ను మార్పిడి కింద మీరే తీసుకున్నారు కాబట్టి నేను వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు. దయచేసి ఎఫ్ లేని ఐ7-11700 పెట్టండి, అది ఇదే మదర్‌బోర్డులో కూర్చుంటుంది. ఒక్క స్టిక్కు బదులు 16 జీబీవి జతగా ఇచ్చి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, నేను పంపే క్లిప్పుతోనే పరీక్షించి అప్పగించండి. అది కుదరకపోతే నా పాత భాగాలు నాకు బిగించి, కట్టిన మొత్తం తిరిగివ్వండి. ఏది చేసినా బిగింపు చార్జీ మాత్రం వాపసు చేయాలి. ఫార్మాట్ అడగకుండా కొటేషన్లలో "రెట్టింపు వేగం" అని రాయడం మానుకోవాలని కూడా కోరుతున్నాను.

బిల్లు, కొటేషన్, టాస్క్ మేనేజర్ స్క్రీన్‌షాట్లు, ఒక నిమిషం క్లిప్పు జతచేశాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారు